కొల్లేటి గట్టున అమెరికా గుర్రం

పందెం అంటే గోదావరి జిల్లాల్లో ముందు గుర్తొచ్చేది కోడి. ఆ తర్వాత ఎడ్లు. గుర్రంతో ఈ నేలకు పెద్దగా చుట్టరికం లేదు. అలాంటి చోట ఓ అమెరికా గుర్రం అమ్మకానికి వచ్చింది. పేరు మస్టాంగ్. ఫోర్డ్ కంపెనీ స్పోర్ట్స్ కారు. 2017 మోడల్, చెన్నై రిజిస్ట్రేషన్, ఎర్ర రంగు. ఏలూరులో ఓ పాత కార్ల వ్యాపారి దగ్గరుంది.

కొనాలనుకుంటున్నది కైకలూరు ప్రాంతానికి చెందిన ఓ చేపల రైతు కొడుకు. అమెరికాలో చదువుకుని, అక్కడే కొన్నేళ్లు ఉద్యోగం చేసి, తండ్రికి తోడుగా చెరువులు చూసుకోవడానికి తిరిగొచ్చిన కుర్రాడు. డాలస్‌లో చదివే రోజుల్లో ఈ కారును రోడ్డు మీద చూసి ఆగిపోయేవాడట. అప్పుడు డబ్బు లేదు. ఇప్పుడు డబ్బు ఉంది, కానీ అది తండ్రీకొడుకులిద్దరిదీ. అందుకే టెస్ట్ డ్రైవ్‌కు తండ్రిని కూడా తీసుకొచ్చాడు. ‘కొనేవాడి కళ్లకు లోపాలు కనపడవు, మీరూ నడిపి చూడండి’ అంటూ నన్నూ రమ్మన్నాడు. డిసెంబరు నెల, పొద్దున్నే మంచు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం, మళ్లీ వెనక్కి వచ్చి కొల్లేటి మీదుగా కైకలూరు... ఇదీ మా ప్రయాణం.

పేరు గుర్రానిది, మీటరు విమానానిది

మస్టాంగ్ అంటే అమెరికా పశ్చిమ మైదానాల్లో స్వేచ్ఛగా తిరిగే అడవి గుర్రం. ఈ కారును 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో తొలిసారి జనం ముందుకు తెచ్చారు. ధర 2,368 డాలర్లు. ఖరీదైన స్పోర్ట్స్ కారులా కనిపించాలి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు కూడా కొనుక్కోగలగాలి... అదీ ఆలోచన. మొదటి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడైంది.

మన దేశానికి రావడానికి మాత్రం అర్ధశతాబ్దం పట్టింది. ఎందుకంటే 2015 మోడల్ దాకా కంపెనీ దీన్ని కుడివైపు స్టీరింగ్‌తో తయారు చేయనే లేదు. ఆ మార్పు జరిగాక 2016 జులైలో భారత్‌లో విడుదల చేశారు. ఢిల్లీ షోరూం ధర 65 లక్షలు. 5 లీటర్ల వీ-8 ఇంజిన్. అంటే ఎనిమిది సిలిండర్లు, నాలుగు ఒకవైపు, నాలుగు ఇంకోవైపు. 401 గుర్రాల శక్తి. మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో సాధారణంగా మూడో, నాలుగో సిలిండర్లుంటాయి.

న్యూయార్క్‌లో మామూలు ఉద్యోగి కొనగలిగిన బండి ఇక్కడికొచ్చేసరికి సంపన్నుల బండి అయిపోయింది. ఇప్పుడు పాతబడ్డాక, కొత్త ధరలో సగానికి కాస్త అటూఇటూగా అడుగుతున్నారు. ఊరించేది ఆ ధరే. జాగ్రత్త పడాల్సిందీ అక్కడే.

ముందు ముక్కు, తర్వాత యాక్సిలరేటర్

‘ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచొద్దు, మేం వచ్చాకే తీయాలి’ అని కుర్రాడు ముందురోజే వ్యాపారికి ఫోన్ చేశాడు. పాత కారు విషయంలో ఇది మొదటి సూత్రం. వేడెక్కిన ఇంజిన్ తన జబ్బుల్ని దాచేస్తుంది. చల్లగా ఉన్నప్పుడే పొగ, కటకట శబ్దం, ఆయిల్ లీకు బయటపడతాయి. కుర్రాడు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. మంచుకు తడిసి చల్లగానే ఉంది.

తండ్రి మాత్రం ఇంజిన్ జోలికే పోలేదు. చెప్పులు విడిచి, డ్రైవర్ పక్క సీటు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కాళ్ల కింది తివాచీ అంచు పట్టుకుని పైకి ఎత్తాడు. వంగి వాసన చూశాడు.

ఏలూరు తివాచీలకు పేరు. పర్షియా నేతగాళ్లతో ఈ పని ఇక్కడికి వచ్చిందంటారు. అలాంటి ఊళ్లో తివాచీ పైభాగం కాకుండా అడుగుభాగం చూస్తున్న మనిషిని చూసి వ్యాపారి నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

‘చెన్నై బండి కదండీ. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి అక్కడ ఎన్ని కార్లు మునిగాయో టీవీలో చూశాం. మరుసటేడు సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో మన కళ్లముందే మునిగాయి. ఆ బళ్లన్నీ ఏమయ్యాయనుకున్నారు? కడిగి, సెంటు కొట్టి ఎక్కడో ఒకచోట అమ్ముతారు. ఆయ్, పైన ఎంత కడిగినా ఒండ్రు వాసన పోదండీ. చెరువుల్లో పుట్టినోణ్ని, నాకు తెలీదా!’

ఆయన చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో వేలాది వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బీమా కంపెనీలు పూర్తిగా పాడైనట్టు లెక్కగట్టిన వాహనాలు వేలంలో చేతులు మారతాయి. వాటిలో కొన్ని మెరుగులు దిద్దుకుని మళ్లీ రోడ్డెక్కుతాయి. కొత్త కార్లలో ఇంజిన్, గేర్లు, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు అన్నీ కంప్యూటర్ల అదుపులోనే ఉంటాయి. వాటి తీగలు చాలావరకు సీట్ల కింద, తివాచీ కింద నుంచే పోతాయి. అక్కడికి బురదనీరు చేరితే ఆ రోజు ఏమీ కాకపోవచ్చు. ఆరు నెలల తర్వాత తుప్పు పట్టి, నడిరోడ్డు మీద బండి ఆగిపోవచ్చు.

అందుకే చూడాల్సినవన్నీ వరసగా చూశారు. సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగారు. మునిగిన కారైతే లోపలి కొసన మురికి గీత ఉంటుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పుందా, హెడ్‌లైట్ల లోపల ఆవిరి పట్టిందా, డిక్కీ అడుగున ఒండ్రు మిగిలిందా... అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. టైర్ల అంచున చివరి నాలుగు అంకెలు మాత్రం 1819 అని ఉన్నాయి. అంటే 2019లో 18వ వారం తయారీ. అరుగుదల పెద్దగా లేకపోయినా వయసు మీరింది. 19 అంగుళాల టైర్లు నాలుగూ మార్చాలి. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించాలని కుర్రాడు కాగితం మీద రాసుకున్నాడు.

‘నీళ్లు తాగిన బండి కాదు, తియ్యి’ అన్నాడు పెద్దాయన.

గుండుగొలను దాటాక

బటన్ నొక్కగానే వచ్చిన శబ్దానికి వీధి చివర టీకొట్టు దగ్గర జనం తలలు తిప్పారు. నేను, వ్యాపారి మనిషి వెనక సీట్లో సర్దుకున్నాం. ‘సర్దుకున్నాం’ అన్నది మర్యాదకు అన్నమాట. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. నలుగురు కూర్చునే కారే గానీ, వెనక ఇద్దరు చిన్నపిల్లలైతేనే సుఖం.

ఏలూరు బైపాస్ ఎక్కాం. చెన్నై, కోల్‌కతాలను కలిపే ఈ రోడ్డును ఇప్పుడు 16వ నెంబరు జాతీయ రహదారి అంటున్నా, పాతతరం నోట ఇంకా ‘ఐదో నెంబరు’ రోడ్డే. గుండుగొలను దగ్గర దారి రెండుగా చీలుతుంది. కొత్త దారి దేవరపల్లి, కొవ్వూరు వైపు పోతుంది. పాత దారి భీమడోలు, ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం, తణుకు వైపు సాగుతుంది. మేం పాతదారే పట్టాం.

కుర్రాడు కాలు కాస్త నొక్కాడు. వీపు సీటుకు అతుక్కుంది. ఆగి ఉన్న స్థితి నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఈ కారుకు దాదాపు ఐదు సెకన్లు చాలు. నాలుగు వరసల రహదారుల మీద కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం కూడా ఆ వందే. అంటే ఈ గుర్రం బలమంతా మన రోడ్డు మీద ఐదు సెకన్లలో అయిపోతుంది! మిగతాదంతా కళ్లెం బిగించి పట్టుకోవడమే.

పట్టుకోక తప్పదు కూడా. మాసూళ్ల కాలం. రోడ్డు పక్కన పట్టాల మీద ధాన్యం ఆరబోశారు. ఉన్నట్టుండి వరిగడ్డి ట్రాక్టరు అడ్డొస్తుంది. రాంగ్‌రూట్‌లో పాల క్యాన్ల మోటార్‌సైకిలు ఎదురొస్తుంది. వీళ్లెవరిదీ తప్పని అనలేం. హైవే రాకముందు నుంచీ ఇది వాళ్ల ఊరి దారి. ఇక్కడ తేలిన మంచి సంగతి ఏమిటంటే బ్రేకులు. ఓ చోట గేదెల మంద అడ్డొస్తే, స్టీరింగ్ అటూఇటూ లాగకుండా కారు తిన్నగా ఆగింది. టెస్ట్ డ్రైవ్‌లో వేగం కన్నా ఇదే ముఖ్యం. ప్రమాదంలో దెబ్బతిని అతికించిన కార్లు ఇలాంటప్పుడే పక్కకు లాగుతాయి.

ఉంగుటూరు టోల్‌గేటు దగ్గర కిటికీ దించితే, టోల్ కుర్రాడు పైనుంచి కిందికి వంగి చూశాడు. ‘ఎంతిస్తుందండీ?’ అని అడిగాడు. మనవాళ్లు ఏ కారునైనా అడిగే మొదటి ప్రశ్న అది. లీటరుకు ఆరేడు కిలోమీటర్లు వస్తే సంతోషించాలి. ట్యాంకు 61 లీటర్లు. పెద్దాయన మనసులోనే లెక్క వేసుకుని ‘ఏరేటరు నయం’ అన్నాడు. చెరువులో చేపలకు గాలి అందించే యంత్రం అది.

యుద్ధకాలపు రన్‌వే పక్కన

తాడేపల్లిగూడెం అంటే ఉల్లిపాయల మార్కెట్టు. 2015 నుంచి నిట్ కూడా. ఈ రెండూ కాక ఈ ఊరికి ఇంకో గుర్తు ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ యుద్ధ విమానాల కోసం రన్‌వే వేసింది. యుద్ధం ముగిశాక విమానాలు పోయాయి. రన్‌వే ఊరి మధ్య మిగిలిపోయింది. మేం వెళ్లేసరికి పెద్దవాళ్లు నడుస్తున్నారు. ఓ అమ్మాయికి వాళ్ల నాన్న స్కూటీ నేర్పిస్తున్నాడు.

కారును ఓ పక్కన ఆపి మీటరు చూపించాడు కుర్రాడు. మామూలుగా స్పీడోమీటర్ ఉండే చోట ఇంగ్లిష్‌లో ‘గ్రౌండ్ స్పీడ్’ అని రాసి ఉంది. అది విమానాల భాష. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన పేరుమోసిన యుద్ధ విమానం పేరు పీ-51 మస్టాంగ్. కారు పేరు వెనక ఆ విమానం కూడా ఉందంటారు. మరో సంగతి. యుద్ధం తర్వాత అమెరికాలో వాడకం తగ్గిన ఎయిర్‌స్ట్రిప్పుల మీదే కుర్రాళ్లు కార్ల పందేలు మొదలుపెట్టారు. తిన్నగా, చదునుగా, ఎదురుగా ఎవరూ రాని దారి వాళ్లకు అక్కడ దొరికింది. ఇలాంటి కార్లకు ఆకలి పుట్టింది ఆ దారుల మీదే.

మనకూ అలాంటి యుద్ధం నాటి రన్‌వే ఉంది. దాని మీద ఆడపిల్ల స్కూటీ నేర్చుకుంటోంది. ఇక్కడ వేగం పరీక్ష అక్కర్లేదనుకున్నాం. నడిచే వాళ్లకు దూరంగా, మెల్లగా నడుపుతూ స్టీరింగ్‌ను ఒక్క క్షణం వదిలి చూశాం. కారు తిన్నగానే పోయింది. రివర్సు గేరు, హ్యాండ్‌బ్రేకు, ఏసీ, అద్దాలు... అన్నీ పనిచేశాయి.

గేరు ముందున్న మీటలతో కారు నడకను మార్చుకోవచ్చు. మామూలు రోడ్డుకు ఒకటి, స్పోర్ట్‌కు ఒకటి, రేస్ ట్రాక్‌కు ఒకటి, మంచూ వానకు ఒకటి. ‘మంచు మన దగ్గర పడదు గానీ, వానకు పనికొస్తుంది. మరి చెరువు గట్టుకేదీ?’ అన్నాడు తండ్రి. నవ్వాం గానీ, ఆ ప్రశ్నకు జవాబు కోసమే మధ్యాహ్నం వెనక్కి తిరిగాం.

కొల్లేరు పెట్టిన పరీక్ష

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ నా చేతికొచ్చింది. ముందు బానెట్ పొడవు చూస్తే పడవ ముక్కులా ఉంది. కారు వెడల్పు అద్దాలు కాకుండానే 1.9 మీటర్లు. హైవే మీద ఇదేమీ తెలియలేదు. ఏలూరు దాటి కైకలూరు రోడ్డులో కొల్లేటి మీదికి వచ్చాక ప్రతి అంగుళమూ తెలిసింది.

ఈ రోడ్డు సరస్సును కోసుకుంటూ పోయే గట్టు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు... అన్నీ ఇందులోకే వస్తాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2005-06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. నీళ్లకు దారి కావాలా, మనిషికి బతుకుతెరువు కావాలా అన్న పేచీ ఇంకా తెగలేదు.

ఎదురుగా చేపల లారీ వచ్చింది. వెనక నుంచి ఐసు నీళ్లు కారుతున్నాయి. రోడ్డు అంచు దిగితే పల్లం. కారు కింది భాగానికీ నేలకూ మధ్య ఐదు అంగుళాల పైచిలుకు దూరమే. కారును తారు మీదే ఆపేశాను. లారీ డ్రైవర్ మమ్మల్ని చూసి జాలిపడ్డాడో ఏమో, తనే పక్కకు దిగి దారిచ్చాడు. స్పీడ్‌బ్రేకర్ వస్తే ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ ఎక్కించి దించాల్సి వచ్చింది. ఎక్కడా అడుగు తగల్లేదు. కానీ 401 గుర్రాల బండిని సైకిలు దాటిపోయింది.

చినఎడ్లగాడి దగ్గర పెద్దాయన ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్కన నిలబడి తన మోకాలి కింద చేత్తో చూపించాడు.

‘2024 సెప్టెంబరులో ఇక్కడ రోడ్డు మీంచి నీళ్లు పారాయి. బెజవాడని ముంచిన బుడమేరు నీళ్లే, అక్కణ్నుంచి ఇక్కడికే గదా రావాలి! రాకపోకలు ఆగిపోయాయి. ట్రాక్టర్ల మీద దాటాం. మీ బండి గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉంటుందిరా?’

కొడుకు మాట్లాడలేదు. పెట్రోలు ఇంజిన్‌కు గాలితో పాటు నీరు లోపలికి పోతే సిలిండర్‌లో నొక్కుకోదు, లోపలి కడ్డీలు వంగిపోతాయి. కారు ఎంత ఖరీదైనదైనా అంతే. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయొద్దని మెకానిక్కులు మొత్తుకునేది అందుకే.

అభయారణ్యం హద్దుకు బయట, ఊరి అవతల వాళ్ల చెరువులున్నాయి. గ్రావెల్ దారి మొదలయ్యే మలుపు దగ్గర కారు ఆగింది. అక్కణ్నుంచి చెరువు దాకా తండ్రి మోటార్‌సైకిల్ మీద వెళ్లొచ్చాడు. ఆ కాసేపట్లో మేం పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లాం. చెట్ల మీద, ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. అంత భారీ శరీరంతో నీళ్లమీద దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాచి, జారుకుంటూ ఆగుతుంది గూడబాతు. ‘వీటికి ఏ నీళ్లలో దిగాలో తెలుసు’ అన్నాడు కుర్రాడు. పొద్దున్నుంచీ ఆ గొంతులో ఉన్న హుషారు కాస్త తగ్గింది.

కాగితం చూపిస్తేనే డబ్బు

సాయంత్రం ఏలూరులో బేరం మొదలైంది. ఇక్కడ మాట్లాడుకోవాల్సింది కారు గురించి కాదు, దాని వెనకున్న కాగితాల గురించి. ఐకాన్, ఫిగో, ఎకోస్పోర్ట్‌లతో మనకు పరిచయమైన ఫోర్డ్, మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని చెప్పింది. కానీ మస్టాంగ్ ఇక్కడ తయారైన కారు కాదు, దిగుమతి సరుకు. బంపరు పగిలితే అది ఎన్నాళ్లకు వస్తుంది, ఎంతవుతుంది అన్నది కొనకముందే సర్వీసు కేంద్రంలో అడగాలి. 2025 నాటికి దేశమంతా బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఈ మోడల్‌కు అది పడుతుందా లేదా అన్నది కారుతో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి.

వేరే రాష్ట్రం బండి కాబట్టి అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ రావాలి. అది ఫారం 28. యాజమాన్యం మారడానికి 29, 30 ఫారాలు. అప్పు తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే మళ్లీ రిజిస్ట్రేషన్ తప్పదు, జీవితకాల పన్ను ఇక్కడ కట్టక తప్పదు. బీమాను 14 రోజుల్లోగా కొత్త యజమాని పేరుకు మార్పించుకోవాలి. ఇవన్నీ మారుతీకైనా, మస్టాంగ్‌కైనా ఒకటే.

ఆర్‌సీ, బీమా సరిగానే ఉన్నాయి. ఎన్‌ఓసీ లేదు. ‘వారంలో వస్తుంది సార్, టోకెన్ ఇచ్చి బండి తీసుకెళ్లండి. వేరే పార్టీ కూడా అడుగుతోంది’ అన్నాడు వ్యాపారి.

కొడుకు తండ్రి వంక చూశాడు. ఈ మాట ఎక్కడ తేలుతుందోనని మేమూ చూశాం.

‘కాగితం చూడకుండా చెరువు లీజుకి తీసుకుని మేత పోస్తామా అండీ? ఆ ఎన్‌ఓసీ ఏదో చూపించండి. డబ్బు నేనే పట్టుకొస్తా’ అన్నాడు పెద్దాయన. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. ‘బండి బాగుందిరా. కాదన్ను. కానీ అది ఏలూరు ఇంట్లో ఉంటది. కొల్లేటి మీదికి తేవు. చెరువు దగ్గరికి నువ్వు మోటార్‌సైకిల్ మీదే రావాలి, నాతో పాటు పొద్దున్నే ఐదింటికి. ఒప్పుకుంటే చెప్పు.’

‘సరే నాన్నా’ అన్నాడు కొడుకు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

డాలస్‌లో కారు చూసి ఆగిపోయిన కుర్రాడు కోరుకున్నది ఇదేనా అంటే చెప్పలేం. ఇల్లు ఏలూరులో, చెరువు కైకలూరులో, మధ్యలో కొల్లేరు. ఆ ఇంటి నుంచి తాడేపల్లిగూడెం దాకా సుమారు 50 కిలోమీటర్ల మంచి రోడ్డు. గుర్రానికి మేసే చోటు అదీ. పాత కారు కొనబోయే ఎవరైనా ఇలా ఓ రోజు కేటాయించుకుని తమ ఊరి దారిలో, వానకు మునిగే చోట్ల, సొంత గేటు ముందు నడిపి చూసుకుంటే మంచిది. షోరూం చుట్టూ ఓ రౌండు కొడితే కారు సంగతి కాస్త తెలుస్తుందేమో గానీ, అది మన ఇంట్లో ఇముడుతుందో లేదో తెలియదు.

ఇది రాసేనాటికి ఎన్‌ఓసీ ఇంకా రాలేదు. బేరం అలాగే ఉంది. కుర్రాడు మాత్రం ఏలూరు ఇంటి గేటు ముందున్న ర్యాంపు వాలు తగ్గించడానికి మేస్త్రీని పిలిపించాడట.